మైనస్ ఇరవైమూడు

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట. ఇప్పటికీ ఒత్తులు తారుమారవుతాయి, దీర్ఘాలు మర్చిపోతాను, ఒక్క పేజీ రాయడానికి నాలుగు రోజులు పడుతుంది. అచ్చు వేసినవారు కొన్ని దిద్దారు. మిగిలినవాటికి చదివేవారు నన్ను క్షమించాలి. మావారు బతికినన్నాళ్ళూ కాటాలు బాగుచేశారు. ఈ అధ్యాయంలో కాటా గురించి రాసినదంతా ఆయన పక్కన కూర్చుని కళ్ళారా చూసిందే. తప్పులుంటే అక్షరాలవే గాని తూకానివి కావు.

*

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు తూకాలమ్మ లాకప్పు గది ముందు నిలబడింది. లోపల దర్జీ అమ్మాయి గోడకు చేరగిలబడి కూర్చుంది. కింది పెదవి చిట్లి వాచిపోయింది. ఎడమకన్ను సగమే తెరుచుకుంటోంది. మెట్ల మీద నుంచి పడిందని కాగితంలో రాశారు. ఆ స్టేషనుకు మెట్లు లేవు.

తూకాలమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు తూనికల శాఖలో పనిచేసింది. కొట్టు కొట్టుకూ తిరిగి దొంగకాటాలు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక జనం తమ దొంగతనాలూ హత్యలూ తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టడం మొదలుపెట్టారు. ఈ హత్యను తెచ్చినవాడు దర్జీ అమ్మాయి అన్న. సరుకుల వ్యాను నడుపుతాడు. గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయేంత మనిషి, ఆమెను పిలుచుకొచ్చి ఇప్పుడు స్టేషను బల్లమీద ముడుచుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఐదింటికి చెల్లెల్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడినుంచి జైలుకు. అది అసలే దిగులు మనిషమ్మా, ఆ గేటు దాటితే మళ్ళీ బతికి రాదు అన్నాడు.

“కొట్టావా?” అని తూకాలమ్మ ఊచల ఇవతల నుంచి అడిగింది.

“లేదమ్మా. కొట్టాలనిపించింది.”

“ఈ మాట ఇన్‌స్పెక్టరుతో కూడా అన్నావా?”

“అన్నాను.”

“పెదవి ఎందుకు చిట్లిందో తెలిసింది. ఇప్పుడు మొదటినుంచీ చెప్పు. టైములతో సహా చెప్పు.”

దర్జీ అమ్మాయి చెప్పింది. రెండేళ్ళ క్రితం భర్త పోయాక ఆమె మంచం దిగలేదు. సూదిలో దారం ఎక్కించడానికి కూడా చెయ్యి లేచేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్తే పిచ్చిదంటారని భయం. అప్పుడెవరో పొడుల మాస్టారి పేరు చెప్పారు. ఆయన రసాయనశాస్త్రం చెప్పిన పంతులు. ఒకప్పుడు ఆయనకూ ఇదే దిగులు పట్టి ఉద్యోగం పోయింది. ఏవేవో చదివి, పోస్టులో పొడులు తెప్పించుకుని, కలిపి, క్యాప్సూళ్ళంటారే, ఆ గొట్టం మాత్రల్లో నింపి మొదట తనే మింగాడు. నూట్రోపిక్స్ అంటారట వాటిని. మెదడుకు బలం అంటారు, మనసు తేలికపడుతుందంటారు. డాక్టరు చీటీ అక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఇప్పుడు ముప్పై ఇళ్ళకు ఆయన సీసాలు వెళ్తున్నాయి. ఆదివారం ఆదివారం ఆయనే ఇల్లిల్లూ తిరిగి ఎలా ఉన్నారని అడిగి రాసుకుంటాడు.

“ఆ మాత్ర పనిచేసిందో, ఆదివారం పూట ఒక మనిషి వచ్చి ఎలా ఉన్నావమ్మా అని అడగడం పనిచేసిందో నాకు తెలియదు. లేచి కూర్చున్నాను. మిషను తొక్కాను” అంది ఆమె.

పదిహేను రోజుల కిందట వచ్చిన కొత్త సీసాతో అంతా తిరగబడింది. గుండె దడదడా కొట్టుకునేది. నిద్ర లేదు. చేతులు వణికేవి. మొన్న మిషను సూది బొటనవేలి గోరులోంచి దిగి అవతలికి వచ్చింది. అందుకే ఈ ఉదయం ఆరుంబావుకి మాస్టారు మాత్రలు నింపే గదికి వెళ్ళి సీసా బల్లమీద విసురుగా పెట్టింది. నన్ను చంపుతున్నారు అని అరిచింది. మేడమీద ఉన్న ఇంటావిడ ఆ అరుపు విన్నది. మాస్టారు మాత్రం ఎదురు మాట్లాడలేదు. సీసా తీసుకుని, పది గొట్టాలు విప్పి తూచి చూస్తాను, ఎనిమిదింటికి రా తల్లీ అన్నాడు. ఆరున్నరకు ఆమె బయటికొచ్చి కోపంతో షట్టరు దబాలున కిందికి లాగింది.

“ఆ గదిలో ఇంకేం చూశావు? బల్లమీద ఏమేం ఉన్నాయి?”

“సీసాలు, గిన్నెలు, టిఫిను డబ్బా. డబ్బా మూత తియ్యలేదు. తినకుండా పనిలో కూర్చుంటే మీరూ పడిపోతారు, ముందు తిని చావండి అని అరిచాను.” ఆమె చిట్లిన పెదవితోనే నవ్వబోయి ఆగిపోయింది. “ఆఖరి మాట అదమ్మా. తిని చావండన్నాను.”

ఆరూ యాభై నుంచి ఎనిమిదీ ఐదు వరకూ ఆమె ఆసుపత్రి బట్టల గదిలో ఉంది. ఇంటికెళ్ళి తీసుకొచ్చిన కుట్టిన కోట్లు నలభై లెక్కపెట్టి అప్పగించి రిజిస్టరులో సంతకం పెట్టింది. ఎనిమిదీ పదికి తిరిగొచ్చి షట్టరు ఎత్తి, మాస్టారి తల ఒళ్ళోకి తీసుకుంది. జనం వచ్చేసరికి ఆమెకు మోచేతుల దాకా నెత్తురు.

*

రెండూ ఇరవై ఐదుకి తూకాలమ్మ ఆ గదిలో ఉంది. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై ఏళ్ళవాడు, గట్టి మనిషి. ఆమె వచ్చినప్పటినుంచీ అతని ముఖం చిరచిరలాడుతూనే ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట అతని మామగారి కొట్టులో దొంగకాటా పట్టుకుని సీలు వేసింది ఈవిడే.

“గంటన్నర ఇచ్చాను. వాళ్ళన్న కాళ్ళమీద పడ్డాడని ఇచ్చాను” అన్నాడు. “ఆరున్నరకి గొడవ. ఆరున్నరకే దబ్బుమని చప్పుడు. పైనావిడ సాక్షి. డాక్టరు కూడా ఆరూ ఎనిమిది మధ్య ఎప్పుడైనా అన్నాడు. ఇంకేం కావాలి మీకు?”

ఆమె మోకాళ్ళమీద కూర్చుని నేల చూసింది. నాలుగు దెబ్బలు. మొదటిది మాస్టారు కుర్చీలో ఉండగా వెనకనుంచి పడింది, ఆ నెత్తురు ఎదురుగోడ మీద చెయ్యెత్తు వరకూ చిమ్మింది. మిగతా మూడూ కింద పడ్డాక. పుర్రె ఎముక ముక్కొకటి కుర్చీ కాలి పక్కన గోరంత మేర తెల్లగా మెరుస్తోంది. గొట్టాలు నిలబెట్టి పొడి పోసే నూరు బొక్కల నింపుడు చెక్క తిరగబడి ఉంది. రక్తంలో దొర్లిన గొట్టాలు మెత్తబడి, ఉబ్బి, నేలకు అంటుకుపోయాయి. వాటిలోని తెల్లపొడి ఎర్రగా పేస్టు అయిపోయింది. కొట్టిన వస్తువు బల్లమీదే ప్లాస్టిక్ కవరులో ఉంది. రెండు కిలోల ఇనప తూకపురాయి, నింపుడు చెక్కను అదిమి పెట్టడానికి మాస్టారు వాడేది. దాని అంచుకు నెరిసిన వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. అది మధ్యాహ్నానికే పరీక్షకు వెళ్ళాల్సింది.

బల్ల చివర అరచేయంత ఎలక్ట్రానిక్ కాటా ఉంది. తీగ గోడకు పెట్టి ఉంది. పళ్ళెం మీద ఏమీ లేదు. గాజుపలకలో అంకె వెలుగుతోంది. మైనస్ 23.46.

“అది పాడైంది” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “పొద్దున్నుంచీ అలాగే మైనస్ చూపిస్తోంది. లోకంలో ఎక్కడైనా మైనస్ బరువుంటుందా?” అంటూ తీగ పీకడానికి చెయ్యి చాపాడు.

తూకాలమ్మ అతని మణికట్టు పట్టుకుంది. విడిపించుకోబోయాడు. ఆమె వదల్లేదు. నలభై కిలోల రాళ్ళెత్తి దించిన చేతులు అవి. బయట ఉన్న కానిస్టేబులు ఒకడుగు లోపలికి వేసి, ఏం చెయ్యాలో తోచక అక్కడే ఆగాడు.

“ఆ తీగ పీకితే మీరు ఒక సాక్షి నోరు మూసినట్టు” అంది ఆమె. “చెప్పేది విని తరవాత నన్ను లోపలెయ్యండి.”

విన్నాడు. వినక తప్పలేదు, మణికట్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా మీట నొక్కితే గిన్నె బరువు లెక్కలోంచి పోతుంది. అప్పుడు గిన్నెలో ఎంత పొడి పోస్తే అంతే కనిపిస్తుంది. పని మధ్యలో గిన్నెను ఎత్తేస్తే, ఆ గిన్నె బరువే మైనస్‌లో మిగులుతుంది. అంటే ఇరవైమూడు గ్రాముల నలభై ఆరు పాయింట్ల పాత్ర ఏదో ఈ కాటా మీద ఉండగా మాస్టారు తూకం వేస్తున్నాడు. దాన్ని పొడితో సహా ఎవరో ఎత్తుకుపోయారు. తీగతో నడిచే కాటా తనంతట తాను ఆరిపోదు. అందుకే ఆ అంకె ఇంకా నిలిచి ఉంది.

“అయితే? ఆ పిల్లే ఎత్తుకుపోయింది.”

“మీ సాక్షినే పిలవండి. ఈ వీధిలో రోజూ పొద్దున కరెంటు పోతుంది, ఇవాళ ఎప్పుడు పోయిందో అడుగుదాం.”

మేడమీది ఇంటావిడ కొంగు నడుముకు దోపుకుని దిగొచ్చింది. కరెంటు సంగతి అడిగేసరికి ఆమెకు కోపమే వచ్చింది. ఆరూ నలభైకి పోయింది, ఏడూ ఐదుకి వచ్చింది అని చెప్పింది. అంత కచ్చితంగా ఎలా తెలుసని ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

“తెలియకేం బాబూ. మా ఆయన ఒంటినిండా సబ్బుతో ఆ ఇరవై ఐదు నిమిషాలూ స్నానాలగదిలో నిలబడి నన్ను తిట్టాడు. మోటారు నేనేదో కడుపులో దాచుకున్నట్టు.”

ఇన్‌స్పెక్టరు కరెంటాఫీసుకు ఫోను చేశాడు. ఆరూ నలభై ఒకటి, ఏడూ నాలుగు అన్నారు. అతను ఫోను జేబులో పెట్టుకుని కాటా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. కరెంటు పోతే ఈ కాటా ఆరిపోతుంది. తిరిగొచ్చాక మీట నొక్కి వెలిగించాలి, అప్పుడది సున్నా నుంచి మొదలవుతుంది. ఈ మైనస్ అంకె ఏడూ నాలుగు తరవాత పుట్టింది. అప్పటికి మాస్టారు బతికే ఉన్నాడు, తూకం వేస్తున్నాడు. దర్జీ అమ్మాయి ఆ సమయానికి ఆసుపత్రిలో కోట్లు లెక్కపెడుతోంది. ఆ రిజిస్టరు చూడమని ఇన్‌స్పెక్టరు ఎవరినీ పంపలేదు. ఇప్పుడు పంపాడు. పంపేటప్పుడు ఆమె ముఖం చూడలేదు.

“కాటాను బోనెక్కించి ప్రమాణం చేయిస్తారా?” అన్నాడు చివరికి. గొంతు తగ్గింది గాని పట్టు తగ్గలేదు. “కోర్టు నలభై నిమిషాల దూరం. నాలుగింటికి వ్యాను కదులుతుంది. ఆమె కాకపోతే ఇంకెవరో చూపించండి, వెనక్కి పిలుస్తాను. చూపించలేకపోతే ఆ మైనస్‌ను మీ ఇంటికి పట్టుకెళ్ళండి.”

ఆమె గదిలో ఉన్న గిన్నెలన్నీ ఒక్కొక్కటిగా కాటా మీద పెట్టి తీసింది. సున్నా మీట ముట్టుకోలేదు. తొమ్మిది ప్లాస్టిక్ గిన్నెలు, అన్నిటికీ పొడి అంటుకునే ఉంది. ఒక పొడి తగిలిన గిన్నెలో ఇంకో పొడి తూచకూడదన్నది మాస్టారి పద్ధతని గోడమీద ఆయన చేతిరాతే చెబుతోంది. కరెంటు వచ్చాక కూడా ట్యాంకు నిండేదాకా కడుక్కోవడానికి నీళ్ళు రావు. ఏ గిన్నె పెట్టినా మైనస్ పన్నెండో, పదకొండో మిగిలింది. సీసా మూతలు, గరిటె, ఇంకు సీసా పెట్టింది. ఏదీ కుదరలేదు.

అప్పుడామె పోలీసులు పొద్దున రాసుకున్న వస్తువుల జాబితా అడిగి తీసుకుని రెండుసార్లు చదివింది. కుర్చీ, చెక్క, సీసాలు, కాటా, కళ్ళజోడు. టిఫిను డబ్బా లేదు.

“మాస్టారికి టిఫిను ఎవరు తెస్తారు?”

“ఆయన బావమరిది. పొద్దున్నే టిఫినుతో సహా ఆయన్ని బండిమీద ఇక్కడ దింపి వెళ్తాడు. మాత్రలు నింపడం, సీసాలు పంచడం వాడి పని” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “శవాన్ని తీసుకెళ్ళే కాగితాలమీద సంతకానికి స్టేషనుకు రమ్మన్నాను.”

“సంతకమయ్యాక ఇక్కడికి పంపమనండి. సీసాలు పంచే సంచి తనతోనే ఉండాలి.”

*

బావమరిది మూడూ నలభైకి వచ్చాడు. ముప్పై లోపువాడు. తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నేలమీద మరకలు తొక్కకుండా, ఎక్కడ అడుగు వెయ్యాలో ముందే తెలిసినవాడిలా నడిచి బల్ల దగ్గర నిలబడ్డాడు. బావ తనకు తండ్రిలాంటివాడని, పదమూడో ఏట అక్కతో పాటు ఆ ఇంటికి వచ్చానని చెప్పాడు. ఏడింటి నుంచి పార్సిల్ ఆఫీసు లైనులో ఉన్నానన్నాడు. రసీదు తీసి చూపించాడు. దానిమీద ఎనిమిదీ ఇరవై రెండు అని ఉంది.

కొత్త పొడులు ఎక్కడినుంచి వస్తున్నాయని ఆమె అడిగింది. పాతచోటినుంచే అన్నాడు. మాత్రలు నింపేది నువ్వేగా అంటే అవునన్నాడు. తూచేది కూడా నువ్వేనా అంది.

“కాటా నేను ముట్టనండి. బావ ముట్టనివ్వరు. పనిలో చేరిన కొత్తలో ఒకసారి మీట నొక్కితే స్కేలు పెట్టి వేళ్ళమీద కొట్టారు. చూడండి, ఈ కణుపు ఇంకా వంకరే.” చెయ్యి చాపి చూపించాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కొంచెం ధైర్యం వచ్చింది, తనకు అదొక రక్షణ అన్నట్టు. “ఆరేళ్ళలో మళ్ళీ దానిమీద వేలు పెట్టలేదు.”

“నమ్ముతున్నాను” అంది తూకాలమ్మ. “పొద్దున మీ బావ టిఫిను తిన్నారా?”

“ఆకలి లేదన్నారండి. దింపినప్పుడే డబ్బా తిరిగి నా చేతికిచ్చేశారు. ఆరుకి పది నిమిషాలు తక్కువ.”

“ఆరుంబావుకి ఆ డబ్బా ఈ బల్లమీద ఉంది.”

అతను ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. “ఆ దర్జీది చెప్పిందా? చంపినదాని మాట పట్టుకుని నన్నడుగుతారేంటి సార్?”

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. నాలుగూ రెండు. వ్యాను కదిలి ఉంటుంది. అతను బావమరిది భుజం మీది సంచి లాక్కుని బల్లమీద గుమ్మరించాడు. సీసాలు, రబ్బరు బ్యాండ్లు, తాళాలు, చిన్న గుండ్రటి స్టీలు డబ్బా. డబ్బా కడిగి తుడిచి ఉంది.

తూకాలమ్మ మూత ఊడదీసింది. అంచులు పట్టుకుని, వెల్లకిలా తిప్పి, కాటా మీద పెట్టి చెయ్యి తీసేసింది. అంకెలు గబగబా మారాయి. మైనస్ 0.02. మైనస్ 0.01. తరవాత నిలబడిపోయాయి.

“ఇన్‌స్పెక్టరు గారూ, చదవండి.”

“సున్నా” అన్నాడతను. మళ్ళీ వంగి చూశాడు. “సున్నా, సున్నా, సున్నా.”

“గిన్నెలన్నిటికీ పొడి అంటుకుని ఉంది. అప్పటికింకా కడగడానికి నీళ్ళు లేవు. శుభ్రంగా ఉన్నది ఈ మూతొక్కటే. మాస్టారు దీన్ని పెట్టి, సున్నా నొక్కి, ఆ అమ్మాయి సీసాలో పది గొట్టాలు విప్పి పోశారు. తేడా కనిపెట్టారు. నువ్వు పార్సిళ్ళ కోసం వెనక్కొచ్చావు, ఆయన నిన్ను అడిగారు.” ఆమె బావమరిది ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. “దొంగ అయితే కాటా కూడా పట్టుకుపోయేవాడు. పరాయివాడైతే నెత్తుటి చేత్తో బల్లంతా ఊడ్చేసేవాడు. ఇది చేసినవాడు మూతను రెండు వేళ్ళతో ఎత్తుకుని, కాటా జోలికి పోకుండా వెళ్ళాడు. మనిషిని చంపడానికి వెనకాడనివాడు ఆయన కాటా ముట్టడానికి భయపడ్డాడు. అలాంటివాడు లోకంలో ఒక్కడే ఉంటాడు బాబూ.”

అతను ఏడుస్తాడనుకుంది. అక్కడ ఆమె తూకం తప్పింది. అతని చెయ్యి కవరు మీదికి వెళ్ళింది. తూకపురాయి గాలిలోకి లేవడం ఆమె చూసింది, తల తప్పించింది, ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేతి ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. రెండో దెబ్బ ఇన్‌స్పెక్టరు చెవి పక్కనుంచి దిగి మెడ ఎముకను తాకింది. అతను బల్లతో సహా వెనక్కి పడ్డాడు. కాటా నేలమీద పగిలి ఆరిపోయింది. బావమరిది షట్టరు వైపు దూకాడు. కానిస్టేబులు కాలు అడ్డం పెట్టాడు. కిందపడి లేవబోతుంటే ఇన్‌స్పెక్టరు లాఠీ అతని మోకాలి చిప్పమీద పడింది. అతను అరిచాడు. లాఠీ మళ్ళీ పడింది. పక్కటెముకల మీద, వీపు మీద, అడ్డం పెట్టిన వేళ్ళమీద. పైకి చూసిన నోటిమీద పడ్డ దెబ్బకు రెండు పళ్ళు ఊడి తెల్లగొట్టాల మధ్యకు దొర్లాయి.

“చాలు” అంది తూకాలమ్మ, విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని. “నోరు మిగల్చండి. అది మనకు కావాలి.”

ఇన్‌స్పెక్టరు ఆగాడు. ఊపిరి ఎగపీలుస్తూ, మధ్యాహ్నం తను లాకప్పులో చేయించిన పని గుర్తొచ్చినవాడిలా లాఠీ వైపు చూసుకున్నాడు. దాన్ని మూలకు విసిరేశాడు.

బావమరిది నెత్తురు ఉమ్ముతూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. టీ ఆకులోంచి తీసే ఖరీదైన పొడికి బదులు పదిహేను రోజులుగా చవక కెఫీన్ పొడి కలుపుతున్నాడు. రెండూ తెల్లవే. గొట్టం నిండితే చాలనుకున్నాడు. రెంటి బరువు వేరన్న సంగతి అతనికి తెలియదు, తూచనివ్వరు కదా. బావ పొద్దున మూత చూపించి, ఈరోజే ముప్పై ఇళ్ళకూ వెళ్ళి నేనే చెప్పి క్షమాపణ అడుగుతాను, పోలీసులకూ చెబుతాను అన్నాడు. తరవాత కాటా వైపు తిరిగి అంకె రాసుకోబోయాడు. అప్పుడు కొట్టాడు. నాలుగుసార్లా అని అడిగితే లెక్కపెట్టలేదన్నాడు.

చెబుతున్నంతసేపూ అతను గోడగడియారం వైపు చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు వ్యానును వెనక్కి పిలవడానికి ఫోను తీశాడు. తూకాలమ్మ అతన్ని ఆగమని, బావమరిది పక్కన కూర్చుంది.

“టైము ఎందుకు చూస్తున్నావు?”

అతను పగిలిన పెదాలు కదిపాడు. “ఐదింటికల్లా ఆవిడే పోయేది. చేసిన పాపానికి తట్టుకోలేక చచ్చిందనుకునేవారు. కేసు ముగిసేది.”

“ఎలా పోయేది?”

“సంతకానికి వెళ్ళినప్పుడు ఆవిడకు సీసా ఇచ్చాను. పాతసరుకు, బావ నీకోసమే విడిగా దాచాడు, బెంగ తగ్గుతుంది, నాలుగు ఒకేసారి వేసుకో అని చెప్పాను. ఏడ్చింది. దండం పెట్టింది.” అతను కళ్ళు మూసుకున్నాడు. “వాటిలో ఇంకేం కలపలేదు. పెద్ద గొట్టాల్లో అదిమి నింపాను, నిండా కెఫీనే. అంత పడితే గుండె ఆగిపోతుంది.”

ఇన్‌స్పెక్టరు ముఖంలో రంగు పోయింది. మూడున్నరకు స్టేషనునుంచి కానిస్టేబులు ఫోనుచేసి, ఏదో మందు సీసా ఇవ్వొచ్చా అని అడిగితే, ఇవ్వండి, కోర్టులో అరవకుండా ఉంటుంది అన్నది తనే. అతను వ్యానులో ఉన్న ఆడ కానిస్టేబులుకు ఫోను కలిపాడు. గంట మోగింది. మోగుతూనే ఉంది. ఐదోసారికి ఎత్తింది.

“ఆ సీసా! దాన్ని మాత్రలు మింగనివ్వకు” అన్నాడు.

“ఆవిడ మింగలేదు సార్” అంది ఆమె తాపీగా. ఫోను చప్పుడు గదంతా వినిపిస్తోంది. తూకాలమ్మ గోడకు ఆనుకుని, మొదటిసారిగా, విరిగిన చెయ్యి నొప్పి తెలిసినట్టు కళ్ళు మూసుకుంది.

“వ్యాను ఆపి వెనక్కి తిప్పు. ఆ అమ్మాయిని వదిలేస్తున్నాం. సీసా జాగ్రత్తగా పెట్టు.”

“సీసాలో ఇంకేం లేవు సార్. జాలేసి వాళ్ళన్నను కూడా ఎక్కించుకున్నాం. దారి పొడుగునా ఒణుకుతూనే ఉన్నాడు. నువ్వు దిటవుగా ఉంటేనే నన్ను విడిపిస్తావన్నా అని ఆవిడే బతిమాలి, ఉన్నవి నాలుగూ వాళ్ళన్న చేత మింగించింది. వద్దు వద్దంటూనే మింగాడు. పావుగంటైంది.”

“అతనెలా ఉన్నాడు?” అని తూకాలమ్మ అరిచింది.

“ఇంతసేపూ గుండె పట్టుకుని కూర్చున్నాడమ్మా. ఇప్పుడే చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకున్నాడు, నిద్ర పట్టిందేమో” అంటూనే కానిస్టేబులు ఆగిపోయింది. వ్యాను చప్పుడు మీదుగా దర్జీ అమ్మాయి గొంతు వినిపించింది. మొదట మామూలుగా, నిద్ర లేపుతున్నట్టు. “అన్నా. అన్నా, లే. మనల్ని వదిలేస్తున్నారంట.” తరవాత ఆ గొంతు మామూలుగా లేదు.

*

రాసినది: కాటాల పెద్దమ్మ. వయసు డెబ్బై మూడు. ఇప్పుడు ఉండేది రెండో కూతురి ఇంట్లో, వంటగది పక్క గదిలో.